తోడల్లుళ్ళ రేటు

పంపుల కంపెనీ యజమానికి ఇద్దరు కూతుళ్ళు, కాబట్టి ఇద్దరు అల్లుళ్ళు, కాబట్టి కంపెనీలో రెండు విభాగాలు. ఇనుము కరిగించి పంపు బాడీలు పోసే ఫౌండ్రీ పెద్దల్లుడిది. ఆ బాడీలకి మోటార్లు బిగించి పంపులు చేసే షెడ్డు చిన్నల్లుడిది. ఎవరి విభాగం లాభాన్ని బట్టి వాళ్ళ బోనసు అని మామగారు పెట్టిన రూలు.

షెడ్డుకి బాడీలు పంపినప్పుడల్లా పెద్దల్లుడు గొణుక్కునేవాడు. తన కొలిమి వేడికి తోడల్లుడు చలి కాచుకుంటున్నాడని ఆయన బాధ. ఒకరోజు మామగారి గదిలో తేల్చేశాడు.

"ఇన్నాళ్ళూ బాడీ వందకిచ్చాను మావయ్యగారూ. ఇకమీదట నూట నలభై."

"మనలో మనకి ఇంత రేటేంటి అన్నయ్యా?" అన్నాడు చిన్నల్లుడు.

"బోనసు తీసుకునేటప్పుడు ఈ 'మనలో మనం' ఏమైంది తమ్ముడూ?"

"సరే, అయితే నేను బయట కొనుక్కుంటాను."

మామగారు అప్పుడే ఏదో మేనేజ్‌మెంట్ సదస్సుకి వెళ్ళొచ్చారు. "పోటీ ఉంటేనే పదును," అని ఇద్దరినీ దీవించి పంపేశారు.

కొన్ని వారాలకి ఫౌండ్రీలో అడుగు పెట్టే చోటు లేకుండా బాడీలు పేరుకుపోయాయి. పెద్దల్లుడికి అన్నం సయించడం మానేసింది. అలాంటప్పుడు ఒక ఇనుప సామాను వ్యాపారి వచ్చాడు. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు. తొంభై అయితే ఉన్నదంతా ఎత్తుకుపోతానన్నాడు. పెద్దల్లుడు చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"అదేదో మరిదికే వందకిస్తే సరిపోయేదిగా?" అంది భార్య.

"వ్యాపారం నీకు తెలీదు. బయటివాడికి తగ్గడం తెలివి. ఇంట్లోవాడికి తగ్గడం లోకువ."

ఇంతలో షెడ్డువాళ్ళు కొన్న బయటి సరుకు భేషుగ్గా ఉందట అని కబురొచ్చింది. అది ఆయన తట్టుకోలేకపోయాడు. నేరుగా షెడ్డుకెళ్ళి, నీలం రంగేసిన బాడీ ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూశాడు.

"ఇదా భేషు? లోపలన్నీ గాలి బుడగలే. ఇది పోసినవాడెవడో గానీ వాడికి ఇనుముకీ ఇటుకకీ తేడా తెలీదు. మా దగ్గరైతే ఇలాంటివాణ్ణి గేటు కూడా దాటనివ్వను."

పనివాళ్ళంతా చేతుల్లో పని ఆపి వింటున్నారు. తనిఖీ చేసే అమ్మాయి వైరు బ్రష్షు తెచ్చి, అడుగున రంగు గీకి చూసింది.

"ఇది మన ఫౌండ్రీ ముద్రే సార్."

చిన్నల్లుడు నవ్వబోయి ఆగాడు. "ఎంతకిచ్చావన్నయ్యా?"

"నువ్వెంతకి కొన్నావో ముందు చెప్పు."

"నూట ఇరవై."

పెద్దల్లుడు బాడీని మెల్లగా కింద పెట్టాడు. వ్యాపారి లారీ ఇన్నాళ్ళూ ఫౌండ్రీ గేటులోంచి బయటికొచ్చి, వీధి చివరి దాకా వెళ్ళి రంగేయించుకుని, షెడ్డు గేటులోకి దూరుతోంది. పిట్టపోరూ పిట్టపోరూ పిల్లి తీర్చిందని షెడ్డంతా చెప్పుకున్నారు.

మామగారు వ్యాపారిని పిలిపించారు. వాడికి మూడిందనుకుని అల్లుళ్ళిద్దరూ ముస్తాబై వచ్చి కూర్చున్నారు.

"బాడీకి ముప్ఫై మిగుల్చుకున్నాడు, కొలిమీ లేకుండా, కూలీలూ లేకుండా," అన్నారాయన. "ఈ కంపెనీలో వ్యాపారం తెలిసినవాడు ఇతనొక్కడే అల్లుళ్ళూ. రేపటి నుంచి రెండు విభాగాలూ ఇతను చూస్తాడు. రేటూ ఇతనే పెడతాడు."

వ్యాపారి వినయంగా చేతులు కట్టుకున్నాడు.

ఆ సాయంత్రం తోడల్లుళ్ళు మొదటిసారి ఒకే కారులో ఇంటికెళ్ళారు. దారంతా మామగారిని తిట్టుకున్నారు. ఆ ఒక్క సరుకూ ఇద్దరి మధ్యా బేరం లేకుండా చేతులు మారింది.