ఎల్లప్ప కొడుకు కూత

చిత్తూరు మామిడి మండీలో ఎల్లప్ప గొంతు ఎరగనివాళ్లు లేరు. వేలం పాడటం ఆయన పని. కాయల గుట్ట పక్కన నిలబడి పాట ఎత్తుకున్నాడంటే ఊపిరి తీసుకోకుండా ధర ఎక్కించుకుంటూ పోయేవాడు. మధ్యలో అడ్డం రాబోయిన వ్యాపారులు నోరు తెరిచి మళ్లీ మూసుకోవలసిందే. "దేవుడు ఎల్లప్పకు ఊపిరితిత్తులు మూడు పెట్టినాడబ్బా" అని మండీ అంతా అనుకునేది. ఆయనా కాదనేవాడు కాదు.

అంతటి మనిషికి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు దామోదరానికి నత్తి. అదీ మామూలు నత్తి కాదు. "నాయనా" అనాలంటే "నా" దగ్గరే ఆగిపోయి, కళ్లు మూతలు పడి, మెడనరాలు ఉబ్బిపోయేవి. ఎల్లప్పకు అంత ఓపిక ఎక్కడిది? మొదటి అక్షరం పడీ పడగానే మిగతా మాట తనే పూర్తి చేసేసేవాడు. "పు..." అని పిల్లవాడు మొదలుపెడితే "పులుసా? ఏమే, వానికి పులుసు పొయ్యి!" అని కేకేసేవాడు. పాపం, వాడు అడగబోయింది పుస్తకం. పోసిన పులుసు కలుపుకుని తినేసి లేచిపోయేవాడు. పదిహేనేళ్లు వచ్చేసరికి వాడు అడగడమే మానేశాడు. కొడుకు నెమ్మదస్తుడని ఎల్లప్ప సంబరపడ్డాడు కూడా!

1979 జూలైలో, దామోదరం పదో తరగతిలో చేరి నెలైనా కాకముందే, ఎల్లప్ప ఒక నిర్ణయానికి వచ్చాడు. మాట రానివాడికి చదువెందుకు? మండీలో మంచి కాయా పుచ్చు కాయా వేరుచేసే పనికి నోటితో అవసరం లేదు.

"వాణ్ణి ఒక మాట అడగరాదా?" అంది భార్య మునిరత్నమ్మ.

"వాడు చెప్పేలోపల కాయల సీజను అయిపోతాది" అన్నాడు ఎల్లప్ప. ఆ మాట పక్కనే కూర్చున్న దామోదరానికి వినపడిందా లేదా అని ఆయన చూడలేదు.

మర్నాడు సాయంత్రం హైస్కూలుకు వెళ్లి హెడ్మాస్టరు సుబ్రమణ్యం ముందు నిలబడ్డాడు. "మా వాని టీసీ ఇప్పించండి సార్. పనిలో పెట్టుకుంటా."

"పిల్లోడికి ఇష్టమేనా?"

"వాని నోరు నేనే గదా సార్."

హెడ్మాస్టరు కలానికి మూత పెట్టేశాడు. "అట్ల కుదరదప్పా. వాని నోటితోనే వినాల. గ్రౌండులో ఉండాడు, పొయ్యి పిలుచుకోని రా."

గొణుక్కుంటూ వెళ్లాడు ఎల్లప్ప. గ్రౌండులో బడి బడంతా గుమికూడి ఉంది. కార్వేటినగరం పిల్లలతో కబడ్డి పోటీ. భుజాలతో తోసుకుని ముందుకు వెళ్లి చూస్తే ఏముంది, చిత్తూరు పిల్లల్లో ఆరుగురు ఔటై గీత బయట కూర్చున్నారు. లోపల మిగిలింది ఒక్కడే. వాడు దామోదరం! అవతల ముగ్గురున్నారు. వీడు కూడా దొరికాడంటే ఆట పోయినట్టే.

ఎల్లప్ప ఇంకో అడుగు ముందుకు వేశాడు. చెడుగుడు తనూ ఆడినవాడే. నడిమి గీత దాటినప్పటినుంచీ మళ్లీ ఆ గీత తాకేదాకా ఒక్క ఊపిరితో కూత సాగాలి. నాలుక తడబడితే ఔటు. ఒకరి కూత ఇంకొకరు కుయ్యడానికి వీల్లేదు. "నత్తి పిల్లోణ్ణి కూతకు పంపిస్తారా? నవ్వులపాలు చేస్తారే నా బిడ్డను!" అని అరవబోయాడు. అప్పటికే దామోదరం గీత దాటేశాడు.

"కబడ్డి కబడ్డి కబడ్డి కబడ్డి..."

ఎల్లప్ప అటూ ఇటూ చూశాడు. ఎవరిదీ గొంతు? కొడుకు పెదవులు కదులుతున్నాయి. మాట మీద మాట, ఎక్కడా తెగకుండా, తడబడకుండా వస్తోంది. ఇది వాడిదే! పదిహేనేళ్లుగా తన ఇంట్లో ఉన్న గొంతు తను వినడం ఇదే మొదలు. 

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? కొడుకు ఎక్కడ ఆగిపోతాడోనన్న భయంతో, అందించడానికన్నట్టు తనూ లోలోపల మొదలుపెట్టాడు, కబడ్డి కబడ్డి అని. దామోదరం ఒంగి ఒకడి కాలు తాకాడు. ముగ్గురూ ఒక్కసారిగా మీద పడ్డారు. ఒకడు మడమ, ఒకడు నడుము పట్టుకున్నారు, మూడోవాడు వీపెక్కాడు. ముఖం మన్నులో ఉంది. ఆ మన్నులోంచే వస్తోంది కూత.

ఎల్లప్పకు ఊపిరి అయిపోయింది. గుటక వేసి, గాలి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు. మళ్లీ అయిపోయింది. మండీని దడదడలాడించే మనిషి రొప్పుతూ నిలబడ్డాడు. కొడుకు మాత్రం మొదటి ఊపిరి మీదే ఉన్నాడు.

గ్రౌండంతా నిశ్శబ్దమైపోయింది. డ్రిల్లు మేష్టరు పెంచలయ్య నేలమీద బోర్లా పడుకుని, వాడి నోటి దగ్గర చెవి పెట్టి వింటున్నాడు. ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ దామోదరం జానెడు జరిగాడు. ఇంకో జానెడు. చెయ్యి చాచాడు. వేళ్లు గీతకు తగిలాయి.

విజిలు మోగింది. పిల్లలు ఎగిరి గంతులేశారు. దామోదరం లేచి నిలబడ్డాడు, కానీ కూత ఆపలేదు. కబడ్డి కబడ్డి అంటూనే ఉన్నాడు, ఊపిరి పూర్తిగా అయిపోయేదాకా. వాడి గొంతు వాడికే అంత ఇష్టంగా ఉన్నట్టుంది.

పెంచలయ్య మన్ను దులుపుకుంటూ వచ్చాడు. "సూసినావా ఎల్లప్పా? క్లాసులో నోరు తెరవడు. ఈడ మూయడు."

ఎల్లప్ప కళ్లు తుడుచుకుని, కొడుకు భుజం పట్టుకుని హెడ్మాస్టరు గదికి నడిచాడు.

"ఏం దామోదరం, బడి మానేస్తావా?" అన్నాడు హెడ్మాస్టరు.

"నే... నే..."

మళ్లీ అదే నత్తి. కళ్లు మూతలు పడ్డాయి, మెడ బిగుసుకుంది. మిగతా మాట ఎల్లప్ప నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్లతో పెదవి గట్టిగా నొక్కిపట్టాడు. గది గోడమీద గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"నే... నే..."

హెడ్మాస్టరు జాలిపడి ఎల్లప్ప వైపు తిరిగాడు. "ఏమంటా ఉండాడప్పా? నువ్వే చెప్పరాదా?"

"వాడే చెప్తాడు సార్" అన్నాడు ఎల్లప్ప, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "వాని ఊపిరి మీకు తెలీదు. ఎంత సేపైనా వింటా నేను."