ఎడమ లైటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోయిన ఏడాది రొయ్యల వ్యాను ఒకటి మా తమ్ముడు రమణబాబుని సైకిలుతో సహా కాలవలోకి తోసేసి ఆగకుండా పోయింది. వాడు మలుపు దగ్గర చెయ్యి చాపి చూపించాడట. ఆ పొగమంచులో చెయ్యి ఎవడికి కనబడుతుంది? వాడి శవాన్ని కాలవలోంచి తీసిన రోజు నుంచీ నాకు వ్యాను డ్రైవరన్నవాడు కనిపిస్తే ఒళ్ళు మండిపోయేది.

అందుకే ఈ బెల్టు చేశాను. అంబాజీపేటలో నాకు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. పాత స్కూలు సంచుల పట్టీలు, పాడైన ఫోన్ల బ్యాటరీలు, పందిళ్ళకి కట్టే పసుపు లైట్లు పోగేశాను. వీపు మీద కుడికొక వరస, ఎడమకొక వరస. ఎటు తిరగాలంటే అటు వరస వెలిగించడానికి వేలికి తొడుక్కునే చిన్న స్విచ్చి. రెండొందలు దాటితే మా వైపు సైకిలు మనిషెవడూ కొనడు కాబట్టి, కిందా మీదా పడి నూట ఎనభైలో తేల్చాను. నా సైకిలు మీద పన్నెండు సార్లు తొక్కి చూసుకున్నాను. ఎంత మంచులోనైనా లైటు కనబడుతోంది.

మొదటి బెల్టు కొండయ్యగారికి కట్టాను. ఆయన తోటల్లోంచి కొబ్బరికాయలు సైకిలు మీద కాయలు వలిచే పాకకి చేరవేస్తారు. అంత బరువుతో ఉన్నప్పుడు హేండిల్ వదిలితే సైకిలు తిరగబడుతుంది. చెయ్యి చూపించడం ఆయన వల్ల కాని పని.

"ఏంటి వినయ్, ఈ వయసులో నన్ను పెళ్ళికొడుకుని చేసేవు?" అని నవ్వేరు.

"ఆయ్, పిన్నిగారు మళ్ళీ మనసు పడతారండీ," అన్నాను.

భూలక్ష్మి పిన్నిగారు ఆ పాకలోనే పనిచేస్తారు.

మర్నాడు తెల్లవారుతుండగా పాక మలుపుకి కొంత వెనకగా రోడ్డు పక్కన నిలబడ్డాను. మంచు దట్టంగా ఉంది. దూరంగా నా ముందు ఎడమ లైటు ఆరుతూ వెలుగుతూ మలుపు వైపు పోతోంది. మనిషి కనబడటం లేదు, లైటొక్కటే కనబడుతోంది. గర్వంతో నా ఛాతీ పొంగింది. వెనకాల వ్యాను వచ్చింది. లైటు చూసి కొంచెం కుడికి జరిగింది. గెలిచానని గట్టిగా అరిచాను కూడా.

అప్పుడే ధన్‌మని మోత. కాయలు రోడ్డంతా దొర్లాయి. సైకిలు వ్యాను కింద నుజ్జయింది. దాంతోపాటు కొండయ్యగారు చక్రం కిందికి పోయారు. నడుం దాకా బయటికి కనబడుతున్నారు, నోట్లోంచి రక్తం పొంగుతోంది. నేను వెళ్ళేసరికే ప్రాణం పోయింది.

నాకింకేమీ కనబడలేదు. తలుపు లాగి డ్రైవర్ని కాలరు పట్టి కిందకి ఈడ్చాను. కాళ్ళ దగ్గర దొరికిన వలవని కాయ తీసి రెండు చేతులతో మొహం మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు? మళ్ళీ కొట్టాను. ఈలోగా పాకలోంచి పదిమంది కొబ్బరి మట్టలు పట్టుకుని వచ్చి మీద పడ్డారు.

"లైటు చూసేనండీ!" అని అరుస్తున్నాడతను. "చూసే పక్కకి తీసేనండీ! మనిషి రోడ్డంచునున్నాడు, ఇటంతా ఖాళీ అనుకున్నానండీ!"

నా చేతిలో కాయ జారిపోయింది.

కాయలేసిన సైకిలుని ఎవరూ తొక్కరు. నెట్టుకుంటూ నడుస్తారు. మనిషి ఎడమ పక్క, సైకిలు కుడి పక్క, దానికి వేలాడే కాయల సంచి ఇంకో రెండడుగులు రోడ్డు మీదకి. పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్నదే. నేను మాత్రం ఖాళీ సైకిలు తొక్కి పరీక్షించాను. లైటు మనిషికి కట్టాను, బరువుకి కట్టలేదు. లైటే లేకపోతే ఆ మంచులో డ్రైవరు భయపడి మెల్లగా వచ్చేవాడు. నా లైటు చూసి ధైర్యంగా వచ్చాడు.

"ఆపండి! తప్పు నా లైటుదండీ!" అని అరిచాను. ఎవరూ వినలేదు. వెళ్ళి అతని మీద బోర్లా పడ్డాను. మట్టలు నా వీపు మీద పడ్డాయి. ఒక దెబ్బకి పక్కటెముక విరిగింది. చివరికి పిన్నిగారు మొగుడి దగ్గర నుంచి లేచి వచ్చారు.

"వదిలేయండి," అన్నారు. "నా కళ్ళ ముందు ఇంకో శవం వద్దు." నా వైపు చూడలేదు.

డ్రైవర్ని అమలాపురం ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాను. అతని పేరు బాబూరావు, ఊరు అల్లవరం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక కన్ను ఉన్నచోట నెత్తురు ముద్ద తప్ప ఏమీ లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీరు అడ్డం పడకపోతే చచ్చిపోదునండీ," అన్నాడు. "ముందు కాయతో కొట్టినోణ్ణి చూసేరాండీ? ఈ కన్ను వాడే తీసేసేడు."

"నేనేనండీ," అన్నాను.

చెయ్యి వదిలేశాడు. తల పక్కకి తీసుకోబోయాడు గానీ మెడ లేవలేదు. ఆసుపత్రి వచ్చేదాకా నా ఒళ్ళోనే ఉండాల్సొచ్చింది అతనికి.