గీత పక్కన రెండు కుర్చీలు

హెడ్ కోచ్ బాలచంద్ర చాలా మర్యాదగా చెప్పాడు. జోయల్‌కు మింగుడుపడనిది ఆ మర్యాదే. తిట్టి చెప్పి ఉంటే తిరిగి తిట్టవచ్చు. భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "సార్, ఈ పొద్దుకు మీరు పైన మెట్ల మీద కూర్చోండి. ఆడినుంచి ఆటంతా బాగా అగుపడతాది" అన్నాడు. ఏదో సౌకర్యం కల్పిస్తున్నట్టు.

ఫుట్‌బాల్ మైదానంలో గీత పక్కన జట్టుకు రెండు కుర్చీలు వేస్తారు. ఒకటి హెడ్ కోచ్‌ది, రెండోది అసిస్టెంట్ కోచ్‌ది. తిరుపతిలోని ఒక ప్రైవేటు కాలేజీ అమ్మాయిల జట్టుకు జోయల్ పదహారేళ్లుగా అసిస్టెంట్. రెండో కుర్చీ ఎప్పుడూ అతనిదే. ఇవాళ చిత్తూరులో యూనివర్సిటీ ఫైనల్. లోకల్ టీవీ వాళ్లు కెమెరా తెచ్చారు. అందుకని ఆ కుర్చీలో కాలేజీ కరస్పాండెంట్ గారి బావమరిది ఢిల్లీబాబు కూర్చున్నాడు. బంగారుపాళెం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతాడాయన. పైన "మేనేజర్" అని రాసిన కొత్త ట్రాక్‌సూట్ కోటు, కింద తెల్ల ప్యాంటు, కాళ్లకు చెప్పులు. బంతి ఏ గోల్‌లోకి పోవాలో ఆయనకు పొద్దున బస్సులోనే ఎవరో చెప్పారు.

జోయల్ మెట్లెక్కి కూర్చున్నాడు. ఎండ నెత్తిమీద ఉంది.

ఈ పదహారేళ్లలో పెద్ద కుర్చీ నాలుగుసార్లు ఖాళీ అయింది. మొదట క్రికెట్ ఆయన వచ్చాడు. తర్వాత కబడ్డీ ఆయన. ఆ తర్వాత పోలీసు శాఖలో రిటైరైన ఆయన. కార్నర్ కిక్‌ను ఆయన చివరిదాకా "మూల బాలు" అనే అన్నాడు. ముగ్గురికీ ఆట నేర్పింది జోయలే. నాలుగోవాడు బాలచంద్ర. వాడికి చిన్నప్పుడు ఎడమకాలితో కొట్టడం నేర్పిందీ జోయలే. వాడు ఉత్తరాదికి పోయి డిప్లొమా తెచ్చుకుని నేరుగా పెద్ద కుర్చీలో దిగాడు.

కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ కరస్పాండెంట్ జోయల్‌ను గదిలోకి పిలిచి కాఫీ తెప్పించేవాడు. "పిల్లల మొగం సూసి సర్దుకో జోయల్. నువ్వు లేకుంటే వాళ్లేమైపోతారు" అనేవాడు. జోయల్ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఛాతీలో ఒక రకమైన గర్వం ఉండేది. తనకు రావలసినది ఇచ్చేది లేదని చెప్పి పంపితే, సన్మానం పొందినవాడిలా నడిచి వచ్చేవాడు. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని ఆ నడక తలచుకుంటే అతనికి ఒళ్లు మండింది.

గీత దగ్గర నిలబడి ఆటగాళ్లకు ఒక సమయంలో ఒక్కరే చెప్పాలి. అది నియమం. ఆ ఒక్కరు హెడ్ కోచ్ అన్నది కాలేజీలో అందరూ ఒప్పుకున్న సంగతి. కాబట్టి జోయల్ తువ్వాలుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎడమ భుజం మీద వేస్తే ఎడమవైపు ఆడండి అని. మెడ చుట్టూ వేస్తే వెనక్కి రండి అని. ఒళ్లో ఉంటే తొందరపడొద్దని. క్రికెట్ ఆయన నోటికొచ్చింది అరిచేవాడు, అమ్మాయిలు తువ్వాలును చూసి ఆడేవాళ్లు. కాలేజీ వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ ఒకసారి, ఓర్పు అంటే జోయల్ గారిని చూసి నేర్చుకోవాలి, ఆయన గొంతు ఎట్లుంటుందో కూడా మనకు తెలియదు అన్నాడు. చప్పట్లు కొట్టారు. జోయల్ కూడా కొట్టాడు.

ఆట మొదలైంది. అమ్మాయిలు బంతి అందుకున్న ప్రతిసారీ ఒక చూపు రెండో కుర్చీ వైపు వేసి, అక్కడ ఢిల్లీబాబు కనబడగానే తల ఎత్తి మెట్ల మీద వెతకసాగారు. జోయల్ తువ్వాలు ఒళ్లోనే ఉంది. కానీ చిత్తూరు ఎండలో మెట్ల మీద సగం మంది దగ్గర తువ్వాళ్లే. పక్కన పుత్తూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు, వెంకటముని అని పేరు చెప్పాడు, మొహం తుడుచుకుని తువ్వాలును మెడ చుట్టూ వేసుకున్నాడు.

కింద నలుగురు అమ్మాయిలు ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తారు. మధ్యలో మైదానం ఖాళీ అయింది. అవతలి జట్టు మదనపల్లె వాళ్లది; ఆ జట్టు అమ్మాయి ఒకతి ఆ ఖాళీలోంచి తీరిగ్గా వచ్చి గోల్ కొట్టింది.

బాలచంద్ర వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. ఆ చూపులో నింద ఉంది. అంత దూరం నుంచి కూడా జోయల్‌కు అది తగిలింది.

విరామంలో కెప్టెన్ హేమశ్రీ మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతోంది.

"ఎనిక్కి రమ్మని ఎందుకు సెప్పినారు సార్?"

"నేను చెప్పలేదు."

ఆమె పక్కనున్న పెద్దాయన మెడను చూసింది. అర్థమైంది.

"నన్నెందుకమ్మా సూస్తావు? బంతిని సూడు" అన్నాడు వెంకటముని.

హేమశ్రీ నవ్వలేదు. "కిందికన్నా రాండి సార్, బయటికన్నా పోండి. మీరు ఈడ కూర్చుంటే మా కండ్లు ఈడికే వస్తా ఉండాయి" అంది. జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది.

మొదట అతనికి ఆమె మీదే కోపం వచ్చింది. నిన్నటి పిల్ల తనను బయటికి పొమ్మంటోంది. ఆ కోపం ఎక్కువసేపు అక్కడ నిలవలేదు. ఆ కళ్లకు ఆ అలవాటు చేసింది ఎవరు? నోరు కట్టేస్తే చేసుకున్న ఏర్పాటుకు ఓర్పు అని పేరు పెట్టారు. తానూ ఆ పేరును మెడలో వేసుకుని తిరిగాడు. తన పనిని తానే దొంగతనంగా చేస్తూ వచ్చాడు. దొంగ దొరకనందుకు సంతోషించినట్టు సంతోషించాడు.

తువ్వాలును మెట్ల మీదే వదిలి కిందికి దిగాడు. మైదానం చుట్టూ కట్టిన తాడు దాటాడు.

ఢిల్లీబాబు టెంకాయ నీళ్లు తాగుతున్నాడు.

"లెయ్యండి. అది నా కుర్చీ" అన్నాడు జోయల్.

ఢిల్లీబాబు పక్క కుర్చీ వైపు తిరిగాడు. "ఏమప్పా బాలచంద్రా, మీ సారుకు ఎండ తగిలినట్టుండాది. ఒక నీళ్ల బాటిలు ఇయ్యి" అన్నాడు.

బాలచంద్ర లేచి నిలబడ్డాడు. "సార్, నా కుర్చీలో కూర్చోండి. నేను తాడు అవతల ఉంటా."

అన్నిటికంటే నీచంగా తోచింది ఇదే. ఇదీ మర్యాదే. ఇందులోనూ ఢిల్లీబాబు లేవనక్కర్లేదు.

"నేను నీ కుర్చీ అడగలేదు బాలా. నాది అడిగినాను."

గీత దగ్గరి అధికారి వచ్చి, ఇద్దరికే అనుమతి, మూడోమనిషి బయటికి పోతే తప్ప ఆట మొదలుకాదని చెప్పాడు. రెండో మనిషి ఎవరో హెడ్ కోచ్ చెప్పాలన్నాడు. బాలచంద్ర నేల చూపులు చూశాడు. ఒక్క పేరు పలికితే చాలు. పలకలేదు. జోయల్ చెవి దగ్గరికి వచ్చి, "పిల్లల మొగం సూసి సార్..." అన్నాడు.

ఆ మాట కూడా నేర్చుకున్నాడన్నమాట.

"పిల్లల మొగాలు సూసే వచ్చినాను. రమ్మనింది వాళ్లే."

రెండు జట్లూ మైదానంలోకి వచ్చి నిలబడ్డాయి. ఈల మోగలేదు. జనం గోల చేశారు. ఏం జరుగుతోందోనని టీవీ కెమెరా అబ్బాయి ఇటువైపు తిరిగాడు. ఢిల్లీబాబు అది గమనించాడు. మొహం సర్దుకుని లేచాడు.

"కూర్చో అప్పా, కూర్చో. సోమవారం మా బావతో మాట్లాడుకుందువు గానీ" అని, టెంకాయతో సహా తాడు అవతలికి పోయాడు.

న్యాయం వల్ల కాదు, కెమెరా వల్ల లేచాడు. బాలచంద్ర నోటినుంచి ఆ పేరు రానేలేదు. జోయల్ ఇది మరిచిపోదలుచుకోలేదు.

ఈల మోగింది. బాలచంద్ర గీత దగ్గర నిలబడి, ఏమీ జరగనట్టు, తువ్వాలు ఏమైందని మెల్లగా అడిగాడు. జోయల్ అతని పక్కకు నడిచి, గీత అంచున నిలబడి అరిచాడు.

"హేమా, ఎడమకు!"

గొంతు మధ్యలో చీలింది. హేమశ్రీ మైదానంలో ఎన్నడూ వినని ఆ అరుపుకు ఉలిక్కిపడి ఇటు తిరిగింది. బంతి ఆమె కాళ్ల మధ్యనుంచి గీత దాటిపోయింది. తాడు అవతల ఢిల్లీబాబు పెద్దగా నవ్వాడు. మెట్ల మీద కూడా కొందరు నవ్వారు.

"నన్ను సూడొద్దు. విను" అన్నాడు జోయల్. మళ్లీ అరిచాడు. ఈసారి గొంతు చీలలేదు, కానీ బాగాలేదు.

అధికారి దగ్గరికి వచ్చి, గీత దగ్గర ఒక్కరే నిలబడాలి, ఇద్దరిలో ఒకరు కూర్చోండి అన్నాడు. బాలచంద్ర జోయల్ వైపు చూశాడు, అలవాటుగా.

జోయల్ కూర్చోలేదు.