రెండువందల పద్నాలుగో స్లైడు

మా ఆయన రోలీ ఆదివారం పొద్దున పోయాడు. సోమవారం మధ్యాహ్నానికల్లా అంత్యక్రియలు జరిపించే సంస్థ వాళ్ళు ఫోన్ చేసి, బుధవారం లోపు ముప్పై ఫోటోలు ఇమ్మన్నారు. శుక్రవారం చర్చిలో పాట పెట్టి తెరమీద చూపిస్తారట. ఈ మధ్య మా టిమారూ ఊళ్ళో ఎవరు పోయినా ఇదే తంతు. మనిషిని సాగనంపడానికి సినిమా ఎందుకని నేను చాలాసార్లు విసుక్కున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చింది.

మా అమ్మాయి బ్రాన్విన్ క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చి ఆల్బమ్‌లన్నీ నేలమీద పరిచింది. ఇరవై తొమ్మిది తేలాయి. చేపతో రోలీ, బౌల్స్ ఆట క్లబ్ టోపీలో రోలీ, మనవరాలిని ఎత్తుకున్న రోలీ. అన్నిట్లోనూ బట్టతలే.

"ఇంకొక్కటి చాలమ్మా. ఏదో ఒకటి పెట్టేద్దాం," అంది.

"ఏదో ఒకటి వద్దు. ఓడెక్కి వెళ్ళినప్పటిది కావాలి నాకు."

మా రోజుల్లో పెళ్ళయిన కుర్రజంటలు ఇల్లూ పిల్లలూ అనుకునేలోపు ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళు. అక్కడ దొరికిన పనల్లా చేసి, పాత వ్యాన్ ఒకటి కొనుక్కుని, యూరప్ అంతా తిరిగి, చేతులూపుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. మేమూ 1967లో వెళ్ళాం. రోలీకి ఇరవై నాలుగు, నాకు ఇరవై రెండు. ఐదు వారాల ఓడ ప్రయాణంలో మూడు వారాలు నేను కక్కుతూనే ఉన్నాను, అతను బకెట్టు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. లండన్‌లో మా గది ఎంత ఇరుకంటే ఒకరు బట్టలు మార్చుకోవాలంటే ఇంకొకరు మంచమెక్కాలి. ఆస్ట్రియా మంచులో వ్యాన్‌లో పడుకుంటే పొద్దునకి మా ఊపిరే అద్దాల మీద గడ్డకట్టి ఉండేది. దాన్ని రోలీ వెన్న కత్తితో గీకి, "టిఫిన్ రెడీ పిల్లా," అనేవాడు. ఆ తర్వాత నాకు సంతోషం లేదని కాదు. కానీ ప్రతిదానికీ ఏదో ఒక బరువు తగిలించి ఉండేది. ఆ రెండేళ్ళూ మాత్రం దేనికీ బరువు లేదు. ఆ వయసు రోలీని జనం చూడాలి. నేను చూడాలి.

అప్పటి ఫోటోలన్నీ స్లైడులే, వెలుగు పడేసి తెరమీద చూసే చిన్న ఫిల్మ్ ముక్కలు; పదహారు డబ్బాలున్నాయి. మంగళవారం మధ్యాహ్నం బ్రాన్విన్ కిటికీ దగ్గర నిలబడి ఒక్కోటి వెలుగుకు పెట్టి చూడసాగింది.

"ఇది నువ్వు. ఇదీ నువ్వే. ఇక్కడ గాడిద, పక్కన నువ్వు. అబ్బ, ఎంత సన్నగా ఉన్నావమ్మా! నాన్న ఏడీ?"

"కెమెరా వెనకాల."

"అన్నిట్లోనా?"

అన్నిట్లోనూ. ఆరువందల పైచిలుకు స్లైడుల్లో రోలీది ఒక నీడ దొరికింది, గ్రీసులో ఒక గోడ మీద. కెమెరా అతని ప్రాణం. నా చేతికి చిక్కింది ఒక్కసారే. ఆ సంగతి నాకు మొదటి డబ్బా తెరిచినప్పుడే గుర్తుంది. అయినా నోరు మూసుకుని కూతురి చేత పదహారు డబ్బాలూ వెతికించాను. తప్పు చేసినవాళ్ళు అలాగే చేస్తారేమో.

యుగోస్లావియా తీరంలో వ్యాన్ మొరాయించింది. ముందురోజు నుంచి మాకు తిండి లేదు. రోలీ నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళి, చంకలో పొడుగాటి రొట్టె, రెండు చేతుల్లో టమాటాలు పట్టుకుని తిరిగొచ్చాడు. నేను అల్లిన నీలం స్వెట్టర్ వేసుకున్నాడు. నన్ను చూడగానే దూరం నుంచే ఏదో గెలిచినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. "కదలకు!" అని అరిచి, సీటు మీదున్న కెమెరా అందుకుని నొక్కాను.

లండన్ తిరిగొచ్చి ఫిల్మ్ కడిగిస్తే ఆ ఫోటోలో రొట్టె ఉంది, టమాటాలున్నాయి, నీలం స్వెట్టర్ ఉంది. మెడ పైన ఏమీ లేదు.

స్వదేశం తిరిగొచ్చాక ఆ స్లైడు మా ఊరంతటికీ నవ్వులాట అయింది. మా వైపు జూన్, జూలైల్లో వచ్చే చలికాలం శనివారాల్లో స్లైడులు చూపించడం అప్పుడు అందరిళ్ళలోనూ ఉండేది. కర్టెన్లు మూసి, గోడకు తెర కట్టి, ఆడవాళ్ళు తెచ్చిన చీజ్ రోల్స్ చేతికి అందిస్తూ, ఎవరు విదేశాలు వెళ్ళొచ్చినా ఊరందరికీ చూపించి తీరాలి. రోలీ గొప్పగా చెప్పేవాడు. నేను తీసిన ఆ రెండువందల పద్నాలుగో స్లైడు రాగానే కాసేపు ఆగేవాడు.

"ఇది మా ఆవిడ కళాఖండం. మొగుడి తల తీసేసింది, టమాటాలు మాత్రం భద్రంగా ఉంచింది!"

పక్కింటి మెర్వ్ తొడలు చరుచుకుని నవ్వేవాడు. "బుర్ర ఉంటే కదా రోలీ, ఫోటోలో పడటానికి!"

నేనూ నవ్వేదాన్ని. మొదటి రెండేళ్ళు నిజంగానే నవ్వాను. తర్వాత అది పళ్ళికిలించడమే అయింది. 1974లో కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు భార్య అందరి నవ్వూ ఆగాక కూడా నవ్వుతూనే ఉండి, "అంటే పాపం ఆయన ముఖం మీకు అంతగా నచ్చలేదన్నమాట," అంది. ఆ ముఖం చూసే నేను ఏడ్చానని ఆ మహాతల్లికి ఎలా చెప్పను? ఆ మాట నేను రోలీకే ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వెంటనే వచ్చిన సోమవారం అతను ఉన్ని గోదాములో పనికి వెళ్ళగానే ఆ స్లైడు తీసి, పెరట్లో చెత్త కాల్చే పీపాలో ఎండుకొమ్మల మీద వేసి అగ్గిపుల్ల గీశాను. పీడా పోయిందనుకున్నాను.

తర్వాతి శనివారం ఆ నంబరు వచ్చేసరికి తెరమీద ఉత్త తెల్లటి వెలుగు పడింది. "ఏదయ్యా తలలేని మొండెం?" అని మెర్వ్ అరిచాడు. "ఎక్కడో పడిపోయినట్టుంది," అని రోలీ పక్కదానికి జరిపేశాడు. నావైపు చూడలేదు. కనిపెట్టేశాడనుకుని వారం రోజులు భయపడ్డాను. అతను ఏమీ అడగలేదు. ఇంక పట్టించుకోలేదులే అని నేనూ మర్చిపోయాను.

ఆఖరి డబ్బా అడుగున బ్రాన్విన్‌కు ఒక నోటుబుక్కు దొరికింది. రోలీ చేతిరాత. ఒక్కో స్లైడుకు ఒక్క వరుస, నంబరు, ఊరు, తేదీ. అంతకు మించి ఏమీ రాయలేదు.

"అమ్మా, ఒక్కదాని దగ్గర మాత్రం పేజీ అంతా రాశాడు. రెండువందల పద్నాలుగు. ఏంటిది?"

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పైన "తీసింది నైరీ" అని నా పేరు. దాని కింద రకరకాల సిరాలు.

"74 జూలై. పెట్టెలో లేదు. నేనే ఎక్కడో పోగొట్టుంటాను. నైరీకి చెప్పకూడదు, బాధపడుతుంది."

"81. గరాజ్ అంతా వెతికాను."

"93. ఇల్లు మారాం. బీరువాల వెనక కూడా లేదు."

"2006. మెర్వ్ వాళ్ళింట్లో వదిలేశానేమోనని అడిగాను. లేదన్నాడు."

చివరిది ఈ మార్చిలో రాసింది. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. "ఇంకోసారి చూశాను. లేదు. తను నన్ను ఫోటో తీసింది అదొక్కటే."

"ఏముందమ్మా అందులో?" అంది బ్రాన్విన్.

"మీ నాన్న."

"మరి ఎక్కడ పోయింది?"

చెప్పాను. పీపా సంగతి, అగ్గిపుల్ల సంగతి, ఆ బ్యాంకు ఆవిడ సంగతి కూడా. అది లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

బుధవారం ఇరవై తొమ్మిదే పంపించాం.

గురువారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే అంత్యక్రియల వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. రోలీకి బూడిదరంగు సూట్ వేసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ తప్పు పక్కకు దువ్వి పడుకోబెట్టారు. వాటిని సరిచేసి, తలుపు మూసి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాను.

"అది నువ్వు పోగొట్టలేదు రోలీ. నేనే కాల్చేశాను," అన్నాను.

తర్వాత కాస్త వంగి, ఇంకోసారి గట్టిగా చెప్పాను. ఈ నాలుగేళ్ళుగా ఏదైనా రెండుసార్లు చెబితేగానీ అతనికి వినబడేది కాదు.