వణుకు ఆపే విద్య

రేకు వణుకుతోంది.

సన్నటి అల్యూమినియం రేకు. చెవికి తుమ్మెద రొద. కంటికి — ఒక అంచు పది అంచులైన మసక.

మన దేశం రెక్కలున్న ఉపగ్రహాలను అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులు. జంషెడ్‌పూర్‌లోని ఒక కళాశాల ప్రయోగశాలలో నారాయణమూర్తి ఉపగ్రహం నమూనాను తీగకు వేలాడదీశాడు. నడుమ బిళ్ళ. ఇరువైపులా రేకు రెక్కలు. బిళ్ళను ఒక దిక్కుకు తిప్పి నిలపాలి. రెక్కలు ఊగకూడదు.

బిళ్ళ దిక్కు తప్పితే, తిప్పే మోటారు ఆ తప్పును తానే చూస్తుంది. తానే దిద్దుతుంది. తప్పు పెరిగితే తన బలాన్ని తానే పెంచుకుంటుంది.

బలం పెరిగింది... రెక్క ఇంకా వణికింది.

ఇంకా పెరిగింది... ఇంకా.

దిద్దే చెయ్యే ఊపుతోంది.

ఆ సంగతి ప్రయోగశాలలో సంతోషంగా గ్రహించాడు. ఊళ్ళోనే, కద్మా పేటలోని ఇంటికి నడుస్తూ — సిగ్గుతో.

ఇంట్లో వరహాలు ఉంది. అతని భార్య. ఆ ఊరి టాటానగర్ రైల్వే క్వార్టర్లలో, వలస వచ్చిన తెలుగువాళ్ళ మధ్య పెరిగిన మనిషి. "వత్తన్నా" అనేది. "తెత్తన్నా" అనేది. అతని తల్లీ అలాగే అనేది. ఆ మాటను అతను హాస్టల్లో విడిచేశాడు, పొట్టిదైపోయిన చొక్కాలా.

"వస్తున్నాను, అనాలి." పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ చెప్పాడు. తర్వాత నవ్వకుండా. తర్వాత — నలుగురిలో.

ఒక ఆదివారం బెంగుళూరు నుంచి తెలుగు శాస్త్రవేత్తలు భోజనానికి వచ్చారు. వరహాలు వడ్డించింది. మాటమాటకూ అతను దిద్దాడు. ఆమె మరీ జాగ్రత్త పడింది. నోట్లోకి వచ్చిన ప్రతి "త్త"నూ పట్టి పట్టి "స్త" చేసింది.

"ఈ పులుసు మా అస్తగారు నేర్పినదండి."

అస్తగారు.

అందరికంటే ముందు నవ్వింది అతనే. చనిపోయిన తన తల్లిని తలుచుకున్న మాట మీద.

ఆనాటి నుంచి వరహాలు అతనితో హిందీలోనే మాట్లాడుతోంది. "చాయ్ లావూఁ?" — టీ తేనా అని. "ఆ రహీ హూఁ." — వస్తున్నా అని. ఆ భాషలో అతనికి తప్పు దొరకదు.

ఇల్లు నిశ్చలమైంది.

నిశ్చలతే శాంతి అన్నాయి, అతను చదివిన పుస్తకాలన్నీ. ఎవరిని నిశ్చలం చేసి — అని ఒక్కటీ అడగలేదు.

ఇల్లు చేరేసరికి వాకిట్లో పొరుగింటి సూరమ్మ గొంతు వినిపించింది. అతను గోడ వారన ఆగిపోయాడు.

"ఒలే వరహాలూ, మీ ఆయన ఆకాశంలో రెక్కలకి వణుకు ఆపుతన్నాడట. మీ తలుపు కిర్రుమంటాది, అదాపలేడేటే?"

"నా నోరే ఆపీసినారు పిన్నీ. తలుపో లెక్కా!"

ఇద్దరూ నవ్వారు. కడుపుబ్బా.

అతను గేటు తీశాడు. నవ్వు తెగింది. సూరమ్మ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. వరహాలు లోపలికి నడిచింది.

"ఖానా లగా దూఁ?"

అన్నం వడ్డించనా అని. వంటింట్లోంచి, అటు తిరిగే.

అతను గడపలో నిలబడ్డాడు. ఏళ్ళుగా పలకని మాటను నాలుక మీదికి తెచ్చుకున్నాడు. మెల్లగా... చాలా మెల్లగా —

"వత్తన్నా, వరహాలూ."

ఆమె ఇటు తిరిగింది. ముఖం కందిపోయింది.

"వెక్కిరిత్తన్నారా?"

తెలుగు. ఎన్నాళ్ళకో తెలుగు.

కాదు, అనాలి. తప్పు నాదే, అనాలి. కాని మాట కూడా ఒక తోపుడే. ఎంత మెల్లగా తోస్తే సరిపోతుందో... అతనికి తెలియదు.

ఆమె కింది పెదవి వణుకుతోంది.