ముంతల మూతులు

పిచ్చుకలు కాపురం పెట్టిన ఇంట్లో కలతలుండవని ఆ ఊరి ఆడవాళ్ళకి గట్టి నమ్మకం. అందరూ అరుగు మీద ఒక వరికుచ్చు వేలాడగట్టి ఊరుకుంటే, జగదాంబ అంతటితో ఆగే మనిషి కాదు. కుమ్మరి చేత పక్కకి మూతి పెట్టిన చిన్న చిన్న ముంతలు చేయించి, దొడ్లో పశువులపాక చూరు పొడుగునా కట్టించింది. కట్టినవాడు ఆమె తమ్ముడు దొరబాబు. తల్లి పోయినప్పుడు ఇంకా మాటలు కూడా సరిగా రాని వాణ్ణి చంకనేసుకుని అత్తవారింటికి తెచ్చుకుంది. ఆమెకి పిల్లలు పుట్టలేదు. వాడుండగా ఆ లోటు తెలియనూ లేదు. పెంచింది, పెళ్ళి చేసింది, తన దొడ్లోనే ఓ పక్క చోటిచ్చి ఇల్లు కట్టించింది. మధ్యలో మోకాలెత్తు గోడ. అదైనా మొగుడు భీమరాజు పట్టుబడితే లేచిన గోడే.

"తమ్ముడి సంగతి ఎత్తితే మా ఆవిడకి కళ్ళూ కనపడవు, చెవులూ వినపడవండి" అని భీమరాజు ఊరందరితోనూ అనేవాడు. ఆమె వినీ విననట్టు నవ్వేసేది. దొరబాబు పేకాట ఆడతాడనీ, యానాం వెళ్ళి మందు సీసాలు తెస్తాడనీ ఆమెకి తెలియక కాదు. ఎన్ని వేషాలు వేసినా వాడు అక్కతో అబద్ధం ఆడడు. ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె మిగతావన్నీ కడుపులో దాచుకునేది.

ఆ ఏడు కార్తీకం ఆఖర్లో తుపాను పట్టుకుంది. బెల్లం బేరానికి తుని వెళ్ళిన భీమరాజు, రైళ్ళు ఆగిపోయి అక్కడే చిక్కుబడ్డాడు. కొబ్బరిచెట్లు మొదలంటా ఊగుతున్నాయి. కరెంటు స్తంభాలు ఒరిగి తీగలు రోడ్డు మీద పడ్డాయి. ఏటా చలికాలం ఆ తీగల మీదే వానకోయిలలు బారులు తీరి కూర్చునేవి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, చీలిన తోక. ఎక్కడినుంచి వస్తాయో ఎవరికీ తెలియదు. ఎండలు ముదిరేసరికి కనపడకుండా పోతాయి. మనిషి చేతికందేంత దూరంలో అవి వాలడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం గేదెలకి గడ్డి వెయ్యడానికి వెళ్ళిన జగదాంబ పాక గుమ్మంలోనే ఆగిపోయింది. ఏ ముంత చూసినా వానకోయిలలే. ఒక్కో మూతిలోంచి మూడేసి నాలుగేసి తలలు బయటికి చూస్తున్నాయి. చోటు చాలనివి వాసాల మీద ఒకదానికొకటి ఒరుసుకుని వణుకుతున్నాయి. ఆమె దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. 'ఎంత కష్టమొస్తే నా పంచకొచ్చాయో' అనుకుంది. జాలిపడింది. దాని వెనకే కొంచెం గర్వపడింది కూడా. ఊరంతా ఉండగా అవి వెతుక్కుని తన పాకకే వచ్చాయి కదా!

ఆ సంతోషం చెప్పుకోవడానికి ఆమెకి ఇంకెవరున్నారు? తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఒరే దొరబాబూ! మన ముంతల్లోకి ఎవరొచ్చారో చూద్దువు గాని రా!"

దొరబాబు గోనెసంచి నెత్తినేసుకుని వచ్చి చూశాడు. "అబ్బో! ఎన్నున్నాయక్కా!" అన్నాడు. వరస పొడుగునా నడిచి ఒక్కో ముంతా పరకాయించాడు. "ఇంక ఇక్కడే ఉంటాయంటావా?"

"ఈ గాలిలో ఎక్కడికెళ్తాయిరా పాపం! నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు. పిల్లలొచ్చి రాళ్ళేస్తారు."

"నేనెందుకు చెబుతానక్కా" అన్నాడు దొరబాబు.

మర్నాడు పోలిపాడ్యమి. కాలవ గట్టు తెగేట్టుంది కాబట్టి, జగదాంబా, దొరబాబు పెళ్ళాం చిన్నమ్మాయీ అరటిదొప్పల్లో దీపాలు పెట్టి ఇంట్లోనే ఇత్తడి బేసినులో వదిలారు. దాంతో కార్తీకం వెళ్ళిపోయింది. నెల పొడుగునా నీచు ముట్టని ఊరు ఆ మర్నాడు మాత్రం ఊరుకోదు. ఏ ఇంటి ముందునుంచి నడిచినా మసాలా వాసనే. ఈసారి ఆ సంబరం లేదు. పడవలు సముద్రం మీదికి వెళ్ళలేదు. కోళ్ళు తడిసి చచ్చాయి. రోడ్డు నీళ్ళలో ఉంది.

"నాలిక చచ్చుబడిపోయిందక్కా. రేపు మా జట్టువాళ్ళు కూడా వస్తామన్నారు" అని దొరబాబు ఉసూరుమన్నాడు.

"ఒక్క రెండ్రోజులు ఓర్చుకో నాయనా, చేపలు రాకపోవు" అని ఆమె చిన్నపిల్లాణ్ణి సముదాయించినట్టు సముదాయించింది.

సాయంత్రం గాలి దిశ తిరిగింది. దొరబాబు గోడ దూకి పరుగున వచ్చాడు.

"అక్కా, జల్లు తిన్నగా ముంతల్లోకే కొడతంది. తడిస్తే తెల్లారేసరికి ఒక్కటీ మిగలదు. పల్చటి గుడ్డేదన్నా ఉంటే మూతులకి కట్టేద్దాం. పొద్దున్నే నేనొచ్చి విప్పేస్తాలే."

జగదాంబకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకి తట్టని సంగతి వాడికి తట్టింది! మెత్తబడిన పాత నేతచీర తెచ్చి పీలికలు చేసింది. వాడు కట్టబోతే, "నీవి మొరటు చేతులు, అవి బెదురుతాయిరా" అని తనే ముక్కాలిపీట ఎక్కింది. ఒక్కో మూతికీ గుడ్డ కప్పి, ఊపిరాడేట్టు వదులుగా కట్టింది. కడుతుంటే ఒక పిట్ట మెడ ఆమె వేలికి తగిలింది. వెచ్చగా ఉంది. అది కిక్కురుమనలేదు. దొరబాబు కింద పీట పట్టుకుని నిలబడ్డాడు.

పొద్దున్న లేచి వెళ్ళేసరికి ముంతలన్నీ ఖాళీ. గోడ మీదనుంచి దొరబాబు కేకేశాడు. "తెల్లారుతుండగా వాన తెరిపిచ్చిందక్కా, విప్పేశాను. ఎంత బాగా ఎగిరిపోయాయనుకున్నావ్!"

"నన్ను లేపొద్దట్రా, నేనూ చూసేదాన్ని కదా!"

"రెండ్రోజుల్నించి నీకు నిద్రెక్కడిది? ఎందుకులే అని లేపలేదు."

అంత ప్రేమగా అంటే ఇంకేం అడుగుతుంది? మధ్యాహ్నం చిన్నమ్మాయి గిన్నె మీద అరటాకు కప్పుకుని వచ్చింది. తమ్ముడింట ఏది వండినా మొదటి వాటా అక్కకి రావడం వాళ్ళకి అలవాటు. దండిగా మిరియాలేసి చేసిన వేపుడు. జగదాంబ అన్నంలో కలిపి రెండు ముద్దలు తింది. మూడో ముద్దలో సన్నటి ఎముక పంటికి తగిలింది.

"ఏం పిట్టలే ఇవి? కంజుపిట్టల్లా లేవే?"

చిన్నమ్మాయి తెల్లబోయింది. "అదేంటి వదినగారూ, మీరిచ్చినవే కదండి! మీరే మూతులు కట్టి పట్టిచ్చారని ఆయన చెప్పేరు. అక్క వాటా ముందు తియ్యమన్నారు."

జగదాంబ కంచం ముందునుంచి లేచి పెరట్లోకి పరుగెత్తి, తిన్నదంతా కక్కేసింది. తన చీరే, తన చేతులే! బెదురుతాయని వాణ్ణి తప్పించి మరీ తనే కట్టింది. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది.

నోరు కడుక్కుని గోడ దగ్గరికి వెళ్ళింది. అవతల అరుగు మీద దొరబాబు, వాడి స్నేహితులు గ్లాసులు ముందేసుకుని కూర్చున్నారు.

"ఎందుకురా నాతో అబద్ధం చెప్పావు?"

దొరబాబు కాస్త తడబడి, వెంటనే నవ్వేశాడు. "అడిగితే ఇచ్చేదానివా అక్కా? పిట్టలే కదా, నీ ఆస్తేం తినెయ్యలేదుగా! అయినా తిన్నావుగా, బాలేవా?"

స్నేహితులు పగలబడి నవ్వారు. జగదాంబ వెనక్కి తిరిగింది. లోపలికి వచ్చి గడప మీద కూలబడింది. వాడు చిన్నప్పటినుంచీ చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. జ్వరమొచ్చిందన్న రోజులు, ఒట్టు పెట్టిన మాటలు, నీ మీద ప్రేమక్కా అన్న మాటలు. అందులో ఏది నిజం? ఒక్కటి కూడా గట్టిగా పట్టుకోలేకపోయింది. పిల్లలు లేరని ఏనాడూ ఏడవని మనిషి ఆ రోజు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పొద్దువాలేసరికి ఆకాశం మళ్ళీ నల్లబడింది. గాలి రేగింది. ఎక్కడెక్కడో చెదిరిపోయి మిగిలిన వానకోయిలలు గుంపుగా వచ్చి పాక చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ముందొచ్చినవి ఒక్కొక్కటే ముంతల్లోకి దూరుతున్నాయి.

జగదాంబ వంటింట్లోంచి ఇత్తడి పళ్ళెం, గరిటె తెచ్చింది. జోరువానలో పాక ముందు నిలబడి బలంకొద్దీ బాదింది. "పోండి! పోండే!" అని అరిచింది. పిట్టలు లేచి, చూరు చుట్టూ తిరిగి, మళ్ళీ ముంతలకేసే వచ్చాయి. చీపురు తీసి మూతుల్లో పొడిచి, లోపల నక్కినవాటినీ తోలేసింది. అవి ఈదురుగాలిలో కొట్టుకుపోతుంటే చూడలేక కళ్ళు మూసుకుంది. చేతులు మాత్రం ఆపలేదు.

గోడ అవతలనుంచి దొరబాబు తల పైకెత్తాడు. "ఏంటక్కా ఆ గోల? పాపం, ఇంత వానలో వాటిని తోలేస్తున్నావేంటి?"

"ఇది దొరబాబు అక్క ఇల్లని వాటికి చెబుతున్నానురా" అంది జగదాంబ. మళ్ళీ పళ్ళెం అందుకుంది.