బాయిలర్ లేని ఫ్యాక్టరీ

మా ఫ్యాక్టరీలో జింక తోలుతో చలికాలపు చేతి తొడుగులు కుడతాం. నా పని బొటనవేళ్లు కుట్టడం. అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో మైనస్ ముప్పై డిగ్రీలంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత భవనంలో కిటికీల పక్కనవాళ్లం కోట్లు వేసుకుని కుట్టేవాళ్లం. ఆవిరి గొట్టం పక్కనవాళ్లు జనవరిలోనూ చెమటలు కక్కేవాళ్లు. ఆ గొట్టాలకు వేడి పంపే ఆయిల్ బాయిలర్‌ను ముప్పై ఒక్క ఏళ్లపాటు చూసుకున్నవాడు ఉర్హో కంగస్. పెళ్లి చేసుకోలేదు. బాయిలర్‌నే చేసుకున్నాడని అందరం ఏడిపించేవాళ్లం.

యజమానురాలు వెర్నా కొత్త భవనం కట్టాలనుకుని, డులూత్ నగరం నుంచి కోరిన్ అనే ఆర్కిటెక్టును పిలిపించింది. కోరిన్ మా భోజనాల బల్ల మీద నక్షా పరిచింది. ఉర్హో కళ్లజోడు పెట్టుకుని దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాడు.

“బాయిలర్ గది ఎక్కడమ్మాయ్?”

“లేదండీ. బాయిలరే లేదు. నేల లోపలి వెచ్చదనాన్ని పంపుతో పైకి లాగుతాం. దానికి కావలసిన కరెంటులో సగానికి పైగా ఎండ ఇస్తుంది.”

“ఎండా! డిసెంబర్‌లో మా ఊరికొచ్చి చూశావా ఎప్పుడైనా?”

కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెతో మాట మానేశాడు.

ఫిబ్రవరిలో కోరిన్ వారం రోజులు మా మధ్యే కూర్చుంది, నోటు పుస్తకం పట్టుకుని. ఎవరికి ఎక్కడ చలిగా ఉంది, ఏ మిషన్ ఎంత వేడెక్కుతోంది అన్నీ రాసుకునేది. నాలుగో రోజుకి ఆమె పెదవులు నీలం రంగుకు తిరిగాయి. ఉర్హో చూసి చూసి, తన ఉన్ని స్వెట్టర్ తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

“తప్పు చోట కూర్చున్నావు. లే, చూపిస్తా.”

ఆ రోజంతా ఆమెను వెంట తిప్పాడు. లారీ వచ్చి పెద్ద తలుపు తీసినప్పుడల్లా పొద్దుటి నుంచి కూడబెట్టిన వేడంతా బయటికి పోతుందన్నాడు. ఉత్తరం గోడ దగ్గర తోలు బిగుసుకుపోయి సూదులు విరుగుతాయన్నాడు. చివరికి నక్షాలోని పైకప్పు మీద వేలు పెట్టాడు.

“ఈ సోలార్ పలకల మీద మంచు పడితే ఊడ్చేదెవరు? నేనా? నా మోకాళ్లు చూశావా?”

కోరిన్ ఆ మాటా పుస్తకంలో రాసుకుంది. “పెద్దాయనా, నేనీ పని మొదలుపెట్టినప్పుడే మీరు దొరకాల్సింది నాకు,” అంది.

వారం తిరిగేసరికి నక్షా మారింది. సగం పలకలు దక్షిణపు గోడకు నిలువుగా అమరాయి. వాటి మీద మంచు నిలవదు. పైగా నేల మీది మంచు నుంచి వెలుగు ఎగిరి వాటి మీదే పడుతుంది. లారీ తలుపుకు ముందు ఇంకో గది వచ్చింది, ఒక తలుపు మూశాకే రెండోది తెరుచుకునేలా. కుట్టేవాళ్ల చోట్లన్నీ ఎండ పడే వైపుకు వచ్చాయి.

గోడలు మూరెడు మందాన, చెక్కతో లేచాయి. అన్నీ బిగించాక తలుపులో పెద్ద ఫ్యాన్ పెట్టి లోపలి గాలిని బయటికి లాగారు, సందులేమైనా మిగిలాయేమో చూడడానికి. ఎక్కడో గాలి దూరుతోంది. మేస్త్రీలు వేడి, చలి తేడా చూపే కెమెరాలతో రెండు గంటలు వెతికినా దొరకలేదు. ఉర్హో టోపీ తీసి, చెంప తడి చేసుకుని, గోడ వెంట ముఖం ఆనించుకుంటూ నడిచాడు.

“మీ ఉర్హో గోడకు ముద్దులు పెడుతున్నాడు,” అని పక్కావిడ నా చెవిలో గుసగుసలాడింది.

కరెంటు తీగలు లోపలికొచ్చే చోట ఆగాడు. “ఇదిగో, ఇక్కడ.”

చిటికెన వేలంత సందు. పూడ్చేశారు. ఎంత గాలి దూరుతోందో చూపే ఫ్యాన్ మీటరులో అంకె పడిపోగానే కోరిన్ పరుగున వచ్చి ఆయన్ని కావలించుకుంది. ముసలాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు.

కొత్త భవనంలోకి మారాక మొదటి పెద్ద చలి జనవరిలో వచ్చింది, మైనస్ ముప్పై మూడు. మేం పనికి వచ్చేసరికి ఉర్హో ఒక్కడే లోపల బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా చేతులు మడుచుకుని. తెల్లవారకముందే వచ్చాడట.

“ఏమైంది ఉర్హో?” అన్నాను.

“ఏమీ కాలేదు డార్లీన్. అదే నా బాధ. నేను చేయాల్సింది ఒక్కటీ లేదు.” నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

కాఫీ పోసి ఇచ్చి పక్కన కూర్చున్నాను. మిషన్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. కోట్లన్నీ మేకులకు వేలాడుతున్నాయి. నా వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ మాటే ఆయనతో అన్నాను. తల ఊపాడు.

పది గంటలకు కోరిన్ ఉర్హోకు ఫోన్ చేసింది, చలి ఎలా ఉందని అడగడానికి కాదు. విస్కాన్సిన్‌లో ఒక చీజ్ ఫ్యాక్టరీకి నక్షా గీయబోతోందట.

“చల్లటి గదులు కొన్ని, వేడి గదులు కొన్ని పెద్దాయనా. మీరొచ్చి చూడకుండా నేను పెన్సిల్ పట్టుకోను.”

“వెర్నా ఒప్పుకోవద్దూ?”

“అడిగేశాను. నెలకో వారం మీరు నాకు.”

ఉర్హో ఫోన్ పెట్టేసి, చీజ్ గదుల్లో తేమ ఎంత ఉండాలో మా అందర్నీ అడగడం మొదలుపెట్టాడు. మాకేం తెలుసు? మధ్యాహ్నానికల్లా ఊళ్లోని గ్రంథాలయానికి వెళ్లిపోయాడు.